గాజుల కొట్టు దాకా చేర్చే బండి

లాడ్ బజార్‌లో గాజులు కొనాలంటే చెయ్యి చాచాలి. చార్మినార్ దగ్గర మొదలై పడమటికి సాగే ఈ వీధిలో కొట్టతను మణికట్టు చూసి, రెండు నాలుగో రెండు ఆరో సైజు తేల్చి, తనే గాజు ఎక్కించి చూపిస్తాడు. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మరి కాళ్లు సహకరించని మనిషి ఆ కొట్టు గల్లా దాకా ఎలా రావాలి?

బ్యాటరీతో నడిచే బండ్లు రెండు రకాలు. ఒకటి మొబిలిటీ స్కూటర్: ముందు హ్యాండిల్, మధ్యలో సీటు, మూడో నాలుగో చక్రాలు. రెండోది పవర్ వీల్‌చైర్: చేతి పక్కన ఉండే జాయ్‌స్టిక్‌ను వేళ్లతో కదిపితే చాలు. పక్క చక్రాలు బిగించిన స్కూటీ వేరు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాలి. అది మనిషిని చార్మినార్ దాకా తేగలదు గానీ కొట్ల మధ్యకు తీసుకెళ్లలేదు.

స్కూటర్ ఎక్కే మనిషి నడుము నిలబెట్టి కూర్చోగలగాలి, రెండు చేతులూ ముందుకు చాపి హ్యాండిల్ పట్టుకోగలగాలి, ఎక్కి దిగడానికి నాలుగడుగులు వేయగలగాలి. మోకాళ్లు అరిగినవారికి, కొంచెం నడిస్తే ఆయాసపడేవారికి అది చక్కటి బండి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి, కండరాల క్షీణత ఉన్నవారికి మాత్రం వీల్‌చైరే కావాలి. సీటును వెనక్కి వాల్చుకుని ఒత్తిడి మార్చుకునే వీలు లేకపోతే ఒంటికి పుండ్లు పడే ప్రమాదం ఉంది. జబ్బు ముదిరేదైతే, నేటి చేతిబలాన్ని నమ్ముకుని స్కూటర్ కొనడం తొందరపాటే.

ఇక గల్లా సంగతి. స్కూటర్‌ను ఎదురుగా ఆపితే హ్యాండిల్ అడ్డం. సీటు పక్కకు తిరిగేదైతే తప్ప, గాజు తొడిగించుకునే చెయ్యి అవతలికి అందదు. వీల్‌చైర్‌లో జాయ్‌స్టిక్‌ను పక్కకు మడిచేస్తే మోకాళ్లు గల్లాకు ఆనేంత దగ్గరగా వెళ్లవచ్చు. బేరం మనిషికీ మనిషికీ మధ్య సాగుతుంది, వెంట వచ్చినవారి ద్వారా కాదు. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే లాడ్ బజార్‌కు వీల్‌చైర్ వైపు మొగ్గడానికి చాలు.

అయితే అన్ని వీల్‌చైర్లూ ఈ దారికి పనికిరావు. గచ్చు మీద తిరిగేందుకు చేసిన కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి. రాతి పలకల సందుల్లో అవి చిక్కుకుంటాయి, ఆ కుదుపంతా వెన్నులోకి పోతుంది. మూడు చక్రాల స్కూటర్ ఇరుకులో తేలిగ్గా తిరుగుతుంది, కానీ వాలులో వేగంగా మలుపు తిప్పితే ఒరుగుతుంది. నాలుగు చక్రాలది స్థిరం, కానీ తిరగడానికి చోటెక్కువ కావాలి. పండుగ రోజుల రద్దీలో ఆ చోటు ఎక్కడిది?

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి కొట్టు ముందరి మెట్టు. మన ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. వీధిలోకి అంత పొడవు కట్టనివ్వరు. బరువైన పవర్ చైర్‌ను మనిషితో సహా ఎత్తడం ప్రమాదం. అందుకే మూడో దారి కూడా చూడాలి. మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ తయారుచేసిన నియోబోల్ట్, చేత్తో తిప్పుకునే వీల్‌చైర్ ముందు తగిలించే మోటారు. వీధిలో దానితో నడిచి, కొట్టు దగ్గర విడదీస్తే తేలికపాటి కుర్చీ మిగులుతుంది. చేతుల్లో బలమున్నవారికి ఇది మంచి దారి.

ఇక కొట్లను అందుబాటులోకి తేవడం గురించి చట్టం ఏమంటుంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. కానీ అందుబాటు ప్రమాణాలపై దాని కింద వచ్చిన నియమం సలహాలా మిగిలిపోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయానిది. కొట్లను అందుబాటులోకి తెచ్చే పనికి లాడ్ బజార్ నుంచే శ్రీకారం చుట్టవచ్చు. మడతపెట్టే ర్యాంపు ఒకటి నాలుగు కొట్లు కలిసి కొనుక్కోవచ్చు, అవసరమైనప్పుడు మెట్టు మీద వేయవచ్చు. బండి కొనే కుటుంబం కూడా డబ్బు కట్టకముందే ఆ మనిషిని కూర్చోబెట్టి, ఇంటి గుమ్మం నుంచి కొట్టు గల్లా దాకా ఒకసారి నడిపి చూడాలి.