క్యాబరే అంటే క్లబ్ డ్యాన్సేనా? క్వీర్ ఫెస్టివల్ కోసం శ్రీకాకుళంలో నాలుగు రాత్రుల షో వేయాలంటే ఏం కావాలి?

క్యాబరే అనగానే తెలుగు ప్రేక్షకులకు గుర్తొచ్చేది ఒక్కటే. పాత సినిమాలో విలన్ డెన్, చేతుల్లో గ్లాసులు, మధ్యలో జ్యోతిలక్ష్మి లేదా జయమాలిని పాట. టీవీలో ఆ పాట రాగానే ఇంట్లో పెద్దవాళ్లు రిమోట్ వెతుక్కునేవారు. అందుకే ప్రైడ్ నెల వచ్చి, పెద్ద నగరాల 'క్వీర్ క్యాబరే' పోస్టర్లు ఇన్‌స్టాలో తిరుగుతుంటే మన దగ్గర చాలామందికి మొదట వచ్చే డౌట్.. ఇదీ అదేనా?

కాదు. క్యాబరే అంటే ఒక చిన్న గది. స్టేజీకి, జనానికి మధ్య రెండు మూడు అడుగుల దూరం. ఒక యాంకర్ ఉంటారు. ఐదారు నిమిషాల చిన్న చిన్న ఐటమ్‌లు వరసగా వస్తాయి. పాట, కామెడీ, డ్యాన్స్, రాజకీయ నాయకుల మీద సెటైర్, డ్రాగ్. పారిస్‌లో 1881లో మొదలైన 'లె షా న్వార్' (నల్ల పిల్లి అని అర్థం) ఈ పద్ధతికి దారి చూపింది. 1920ల్లో బెర్లిన్‌లో 'ఎల్డొరాడో' లాంటి క్లబ్బుల్లో ఆడవేషం వేసిన మగవాళ్లు పాడితే వినడానికి ఊరంతా వచ్చేది. నాజీలు అధికారంలోకి వస్తున్న రోజుల్లో అవి మూతపడ్డాయి. క్వీర్ ఫెస్టివల్స్‌కి క్యాబరే మీద అంత మమకారం ఎందుకంటే, వాళ్ల కథ వాళ్లే చెప్పుకునే చోటు చాలాకాలం ఆ గది ఒక్కటే.

ఇంకో మాట. డ్రాగ్ వేరు, ట్రాన్స్‌జెండర్ వేరు. డ్రాగ్ అనేది వేషం, షో అయ్యాక తీసేసేది. ట్రాన్స్ అనేది మనిషి గుర్తింపు. డ్రాగ్ చేసేవాళ్లలో ట్రాన్స్ వ్యక్తులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

మన దగ్గర కొత్తేం కాదు

ఆడవేషం ఉత్తరాంధ్రకి ఎక్కడి నుంచో దిగుమతి కాలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టేది సంప్రదాయంగా మగవాళ్లే. మద్దెల మోతకి తగ్గట్టు ఆ భామ వయ్యారం పోతుంటే ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చుని చూసేది. కోస్తాలో స్త్రీపాత్రలకు పేరు మోసిన స్థానం నరసింహారావుకు 1956లో, కూచిపూడి సత్యభామగా పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీలు వచ్చాయి.

విజయనగరం వాళ్లకైతే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడింది అక్కడే, జగన్నాథ విలాసినీ సభ ఆధ్వర్యంలో. ఇప్పుడు మనం చదువుకునే నాటకంలో కథ తిరిగేదే ఒక వేషం మీద. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్లి చేసేస్తాడు. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఆ కాలంలో ఆడపాత్రలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారని గుర్తుంచుకుంటే, ఆ సీన్‌లో స్టేజీ మీద ఉన్నది ఆడపాత్ర కట్టి, మళ్లీ మగవేషం వేసిన మగవాడన్నమాట!

మరి ఇబ్బంది ఎక్కడ? భాగవతంలో భామ వేషం కట్టిన మనిషి పొద్దున్నే రంగు కడుక్కుని పొలానికి వెళ్తే ఊరికి ఏ సమస్యా లేదు. అదే మనిషి 'నాకు ఇదే బాగుంది, నేనింతే' అంటే మాత్రం లెక్క మారిపోతుంది. క్వీర్ క్యాబరే సరిగ్గా ఆ రెండో మాట చెప్పే షో. పర్మిషన్ నుంచి లాడ్జి రూమ్ వరకు వచ్చే ప్రతి చిక్కూ అక్కడి నుంచే మొదలవుతుంది.

పోలీసులు 'రికార్డింగ్ డ్యాన్స్' అనుకుంటే?

జాతరల్లో, సంబరాల్లో 'డ్యాన్స్ బేబీ డ్యాన్స్' పేరుతో జరిగే ప్రోగ్రాముల మీద కేసులు పెట్టడం మన జిల్లాల్లో మామూలే. ఇప్పుడు వాడే సెక్షన్ భారతీయ న్యాయ సంహితలోని 296, అంటే పాత ఐపీసీ 294. పబ్లిక్ ప్లేస్‌లో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే మూడు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఏది అశ్లీలం అన్నది చూసేవాళ్లని బట్టి మారుతుంది. అందుకే దరఖాస్తులో 'క్యాబరే' అన్న ఒక్క మాట రాసి వదిలేస్తే పని చెడే ఛాన్స్ ఎక్కువ. ఐటమ్‌ల లిస్టు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, ఎంతమంది ఆర్టిస్టులు, 18 ఏళ్లు నిండినవాళ్లకే ఎంట్రీ.. ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టి స్టేషన్‌లో ఇవ్వడం, ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మంచిది. పేరు మార్చి దాచడం కంటే ఇదే నయం. దాచి మధ్యలో దొరికిపోతే నిర్వాహకుడితో పాటు స్టేజీ మీదున్న ఆర్టిస్టూ ఇబ్బంది పడాల్సి వస్తుంది.

ఈ భయానికి ఒక చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో 1919లో తెలంగాణ ప్రాంతంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం హిజ్రాలు రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపించినా, పబ్లిక్‌గా ఆడిపాడినా వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల వరకు జైలు. అంటే ఆడిపాడటమే నేరం. తెలంగాణ హైకోర్టు దీన్ని కొట్టేసింది 2023 జులైలో! శ్రీకాకుళానికి ఆ చట్టం వర్తించలేదు కానీ, ఆ చూపు మాత్రం హైదరాబాద్ దగ్గరే ఆగిపోలేదు.

ఊరట ఇచ్చే తీర్పులూ ఉన్నాయి. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపును, 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 2019 జనవరిలో మహారాష్ట్ర డ్యాన్స్ బార్ల కేసులో, రూల్స్ పేరుతో పూర్తిగా నిషేధించడం కుదరదని చెప్పింది. వీటి కాపీలు ఫైల్‌లో పెట్టుకుంటే బరువేం కాదు.

లెక్కలు చూస్తే..

అసలు కష్టం డబ్బు దగ్గర. ఒక్క రాత్రి షో అయితే ఫ్రెండ్స్, వాళ్ల ఫ్రెండ్స్‌తో నిండిపోతుంది. సీజన్ అంటే అదే గదిలో వరసగా నాలుగు రాత్రులు. మొదటి రోజు చూసినవాళ్లు చెబితేనే మూడో రోజు జనం వస్తారు. అంటే రెండో రోజు ఖాళీ కుర్చీలకు సిద్ధపడాలి.

ఉదాహరణకి 80 కుర్చీలు, టికెట్ 200 రూపాయలు అనుకుందాం. నాలుగు రాత్రులూ ఫుల్ అయితే వచ్చేది 64 వేలు. సగమే నిండితే 32 వేలు. ఐదుగురు ఆర్టిస్టులకి రాత్రికి 1,500 చొప్పున ఇస్తే అక్కడికే 30 వేలు అయిపోతుంది. మిగిలిన రెండు వేలతో హాలు, సౌండ్, లైట్లు, భోజనాలు, రైలు ఛార్జీలు! కుదరదు కదా. అందుకే చాలా చిన్న షోల్లో మొదట కోత పడేది ఆర్టిస్టు డబ్బులకే. 'గేటు కలెక్షన్‌లో వాటా ఇస్తాం' అంటే వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఖాళీ హాలు నష్టాన్ని ఆర్టిస్టు నెత్తిన పెట్టడమే అది. ఇంట్లోంచి బయటికొచ్చేసి, అద్దె తానే కట్టుకుంటున్న 22 ఏళ్ల డ్రాగ్ ఆర్టిస్టుకి ఆ 1,500 చిన్న మొత్తం కాదు. పద్యనాటకాల వాళ్ల పద్ధతే న్యాయంగా ఉంటుంది. ముందే బయానా, షో అయిన రాత్రే బాకీ. అలా ఇవ్వలేకపోతే నాలుగు రాత్రుల్ని రెండు చేసుకోవడమే మేలు.

కొన్ని ఖర్చులు తప్పించుకోవచ్చు. మనిషికి 500 రూపాయలు దాటని టికెట్ మీద నాటకాలు, డ్యాన్స్, సంగీత ప్రదర్శనలకు జీఎస్టీ లేదు. సినిమా పాట పెట్టి లిప్ సింక్ చేస్తే మాత్రం లైసెన్స్ కావాలి. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్ల తరఫున ఐపీఆర్ఎస్, రికార్డింగ్‌కైతే పీపీఎల్ లేదా ఆ ఆడియో కంపెనీ. దీనికంటే ఒక హార్మోనియం, ఒక డోలు పెట్టుకుని శ్రీకాకుళం యాసలో సొంత పాటలు కట్టుకోవడం చవక. నవ్వులు కూడా ఎక్కువ పడతాయి.

హాలు విషయానికొస్తే శ్రీకాకుళం బాపూజీ కళామందిర్, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియం లాంటివి క్యాబరేకి మరీ పెద్దవి. 80 మంది అక్కడ కూర్చుంటే షో చప్పబడిపోతుంది. మేడ మీద హాలో, చిన్న ఫంక్షన్ హాల్లో ఓ మూలో చాలు. హైదరాబాద్‌లో 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ లాంటి ఓపెన్ ప్లేస్ చిన్న షోలకు ఎంత ఊపిరిపోసిందో చూస్తే, ఉత్తరాంధ్రలో లోటు ఏంటో అర్థమవుతుంది. 2013 ఫిబ్రవరి 3న తొలి క్వీర్ స్వాభిమాన యాత్ర జరిగింది ఆ నగరంలోనే. శాస్త్రీయ నృత్యం నుంచి డ్రాగ్‌లోకి వచ్చి, 'డ్రాగ్‌వంతి' పేరుతో ఒక వేదిక పెట్టిన పత్రుని చిదానంద శాస్త్రి లాంటివాళ్లు పనిచేస్తున్నదీ అక్కడే. విదేశాల్లో టేబుళ్ల మీద వైన్ పెడతారు. ఇక్కడ ఎక్సైజ్ పర్మిషన్ లేకుండా మందు మాటే ఎత్తకూడదు. టీ, మిరపకాయ బజ్జీ పెడితే ఎవరూ కాదనరు.

ఫోన్లు జేబులోనే

ఇది మొబైల్‌లో చదువుతున్నవాళ్లు కాస్త ఆగి చదవాల్సిన పాయింట్. పెద్ద నగరంలో షో వీడియో పబ్లిసిటీ. చిన్న ఊళ్లో అదే వీడియో ఒకరి ఇంటి తలుపు మూయించగలదు. స్టేజీ మీద ఉన్నవాళ్లే కాదు, మూడో వరసలో చప్పట్లు కొడుతున్న కాలేజీ కుర్రాడు కూడా ఫ్రేమ్‌లో పడతాడు. పది సెకన్ల క్లిప్ వాట్సాప్ గ్రూపులో పడి మేనమామ ఫోన్‌కి చేరడానికి ఒక పూట చాలు. కాబట్టి గేటు దగ్గరే ఫోన్ కెమెరాకి స్టిక్కర్ అంటించడం, ఆర్టిస్టులు ఒప్పుకున్న ఫొటోలే బయట పెట్టడం, పోస్టర్ మీద స్టేజీ పేర్లే వాడటం.. ఇవి ఖర్చులేని పనులు. అయినా చాలామంది మర్చిపోతారు.

బస కూడా ముందే మాట్లాడాలి. ట్రాన్స్ ఆర్టిస్టుకి రూమ్ ఇవ్వనంటే 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం సెక్షన్ 3 ప్రకారం అది వివక్షే. కానీ రాత్రి పదకొండు గంటలకి లాడ్జి కౌంటర్ దగ్గర సెక్షన్లు చదివి గెలవడం కష్టం. అడ్వాన్స్ కట్టేటప్పుడే మేనేజర్‌కి ఎవరు వస్తున్నారో చెప్పి ఒప్పించుకోవాలి.

టైమింగ్ మరోటి. ఓపెన్ గ్రౌండ్‌లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైక్ వాడకూడదు. నాలుగ్గోడల హాలుకి రూల్స్‌లో మినహాయింపు ఉన్నా, సాగదీయకపోవడమే మంచిది. ఏడున్నరకి మొదలుపెడితే తొమ్మిదికి అయిపోతుంది. మేకప్ తీసుకోవడానికి ఓ గంట, గొళ్లెం ఉన్న గది, నీళ్లు, బాత్రూమ్ కావాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. రాత్రి రైలు అందుకోవాల్సిన ఆర్టిస్టులుంటే కారు, తెలిసిన డ్రైవర్ హాలు బయట పదింటికల్లా రెడీగా ఉండాలి. ఆ కారు ఎక్కేలోపే బాకీ డబ్బులు చేతికి ఇచ్చేయాలి.