వీపున మోసే ఆఫీసు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామానంతా ఊళ్లో అమ్మానాన్నల దగ్గర పెట్టి, ల్యాప్‌టాప్ సంచితో బయలుదేరడం కొవిడ్ తర్వాత మన ఇళ్లలోనూ చూస్తున్నాం. ఒక నెల అరకు, రెండు నెలలు గోకర్ణ, ఎండాకాలం ధర్మశాల, కుదిరితే వియత్నాం లేదా బాలి. ఉద్యోగం మాత్రం యథావిధిగా నడుస్తుంటుంది.

పది రోజుల విహారయాత్రలో చార్జర్ పాడైతే కాసిని ఫొటోలు తగ్గుతాయి, అంతే. నెలల తరబడి తిరుగుతూ పని చేసేవారికి ఆ నష్టం జీతం మీదికి, నమ్మకం మీదికి వస్తుంది. అందుకే సామాను ఎంచుకునేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది పోతే ఈరోజు పని ఆగుతుందా? ఆగేదైతే దానికి రెండో దారి చూసుకోవాలి. ఆగనిదైతే ఇంట్లో వదిలేయవచ్చు. ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే కొన్ని అపోహలు స్థిరపడిపోయాయి.

అపోహ 1: తేలికైన ల్యాప్‌టాప్ కొంటే సగం సమస్య తీరినట్టే.

వాస్తవం: బరువు ముఖ్యమే. మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికులకు చేతి సంచి పరిమితి సాధారణంగా 7 కిలోలు. అయితే తూకం వేయాల్సింది ల్యాప్‌టాప్‌ను కాదు, మొత్తం సంచిని. టాబ్లెట్ తేలిక అనుకుంటాం. 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోకు దాని మ్యాజిక్ కీబోర్డు తగిలిస్తే దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. ఎం2 చిప్ ఉన్న 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.24 కిలోలే.

ఇంకో సంగతి: చాలా పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం. రెండు మూడేళ్ల అవసరాన్ని కొనే రోజే లెక్కవేసుకోవాలి. వారంటీ విదేశాల్లో చెల్లుతుందా, వెళ్లే ఊళ్లకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా అన్నది వంద గ్రాముల తేడా కంటే పెద్ద విషయం.

అపోహ 2: ల్యాప్‌టాప్ ఉంటే మంచం మీదైనా, కాఫీ షాపులోనైనా పని చేసుకోవచ్చు.

వాస్తవం: ఒక వారం చేసుకోవచ్చు. మూడో నెలకు మెడ పట్టేస్తుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే తల వంగుతుంది, కళ్లకు సరిపోయే ఎత్తులో పెడితే భుజాలు లేస్తాయి. అమెరికా వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం, నిటారుగా ఉన్నప్పుడు తల వల్ల మెడ మీద పడే భారం సుమారు 5 కిలోలు. తల 30 డిగ్రీలు వంచితే అది 18 కిలోలకు, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలకు చేరుతుంది.

దీనికి విరుగుడు చవకే. మడిచే స్టాండు, విడి కీబోర్డు, మౌసు: మూడూ కలిపి కిలో లోపే. తెర పై అంచు కళ్ల ఎత్తుకు రావాలి, మోచేతులు బల్ల ఎత్తులో ఉండాలి. సంచిలో దేని బరువు తగ్గించినా వీటి బరువు తగ్గించకండి. స్టాండు కొనలేదా? నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చినా సరిపోతుంది. విడి కీబోర్డు మాత్రం తప్పదు.

అపోహ 3: పవర్ బ్యాంక్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: డబ్బా మీది ఎంఏహెచ్ అంకె చూసి మోసపోవద్దు. విమానంలో లెక్కలోకి వచ్చేది వాట్-అవర్లు. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే అవి వస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. 30,000 అంటే 111. వంద లోపు ఉన్నవాటిని చేతి సంచిలో తీసుకెళ్లనిస్తారు. వంద నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఆపైన నిషేధం. ఎంత చిన్నదైనా చెకిన్ లగేజీలో పెట్టకూడదు.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బూసాన్ దగ్గర ఒక విమానం బయలుదేరక ముందే కాలిపోయింది. సామాను అరలోని పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. చైనాలో 2025 జూన్ 28 నుంచి, ఆ దేశపు 3సీ ముద్ర లేని పవర్ బ్యాంకులను దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు.

ఫోన్ల కోసం చేసిన పవర్ బ్యాంక్ ల్యాప్‌టాప్‌కు పనికిరాకపోవచ్చు. 45 లేదా 65 వాట్ల అవుట్‌పుట్ ఉందో లేదో చూడండి. వేడి రూపంలో పోయేది తీసేస్తే, 74 వాట్-అవర్ల పవర్ బ్యాంక్ మామూలు ల్యాప్‌టాప్‌ను దాదాపు ఒకసారి నింపుతుంది. ఒక సాయంత్రం గడవడానికి అది చాలు.

అపోహ 4: టైప్-సి కేబుళ్లన్నీ ఒకటే.

వాస్తవం: మూతి ఒకటే, లోపలి తీగలు వేరు. కొన్ని 60 వాట్ల వరకే మోస్తాయి, కొన్ని 100 వాట్లు, 2021లో వచ్చిన కొత్త ప్రమాణం ప్రకారం చేసినవి 240 వాట్ల వరకూ మోస్తాయి. కొన్ని చార్జింగ్‌కే తప్ప తెరకు బొమ్మను పంపలేవు. ల్యాప్‌టాప్ పోర్టులోనూ ఇదే తేడా. ఒక్క కేబుల్‌తో నడిచే పోర్టబుల్ మానిటర్ కొనేముందు, మీ పోర్టు డిస్‌ప్లేను పంపగలదో లేదో కనుక్కోండి. మంచి కేబుళ్లు రెండు, రెండు మూడు పోర్టులున్న 65 వాట్ల చార్జరు ఒకటి ఉంటే ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ నడుస్తాయి.

అపోహ 5: ట్రావెల్ అడాప్టర్ ఉంటే ఏ దేశంలోనైనా ఏదైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మార్చుతుంది, వోల్టేజీని కాదు. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లకు భయం లేదు. వాటి మీద సన్నని అక్షరాలతో 100–240 అని రాసి ఉంటుంది. అలా లేని కెటిల్, ఇస్త్రీ పెట్టె లాంటివి ఇంట్లోనే వదిలేయండి.

లోహపు ల్యాప్‌టాప్‌ను తాకితే వేళ్లకు జివ్వుమంటే అది పాడైందని కంగారు పడతారు. రెండు పిన్నుల ప్లగ్‌కు ఎర్తింగ్ ఉండదు కాబట్టి చార్జర్ నుంచి అతి స్వల్పంగా కరెంటు పైపెట్టెకు చేరుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న సాకెట్‌లో మూడు పిన్నుల తీగ వాడితే అది ఆగుతుంది. జివ్వుమనడం దాటి గట్టిగా షాక్ కొడితే మాత్రం వెంటనే తీసేసి, ఆ సాకెట్ వాడకండి.

అపోహ 6: గదిలో వైఫై ఉందంటే నెట్ గురించి చింత లేదు.

వాస్తవం: కొండ ఊళ్లలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది, రౌటర్ ఆగిపోతుంది. గది బుక్ చేసేముందు "స్పీడు ఎంత?" అని అడగడం కన్నా "కరెంటు పోతే రౌటర్ నడుస్తుందా?" అని అడగండి. వీడియో మీటింగుకు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు, అది నిలకడగా రావడమే ముఖ్యం. ఎక్కువ రోజులు ఉండేవారికి 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ మంచి పెట్టుబడి. మీ రౌటర్ అడాప్టర్ మీదా అదే వోల్టేజీ రాసుందా అని చూసి కొనండి.

రెండో దారి ఫోన్ హాట్‌స్పాట్. అందులో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి. ఒకే కంపెనీవి రెండుంటే ప్రయోజనం లేదు, టవర్ ఆగితే రెండూ ఆగుతాయి. లద్దాఖ్, జమ్మూకశ్మీర్‌లకు వెళ్లేవారు మరో మాట గుర్తుంచుకోవాలి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సిగ్నల్ లేని చోటికి శాటిలైట్ ఫోన్ తీసుకెళ్దామనే ఆలోచన వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర ఉంచుకోవడం నేరం.

అపోహ 7: నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్ ఉంటే ఎక్కడి నుంచైనా మీటింగులో మాట్లాడవచ్చు.

వాస్తవం: అది మీ చెవికి వినపడే రొదను తగ్గిస్తుంది. అవతలివారికి చేరేది మీ మైకు పట్టినది, ఆ మైకు సంగతి వేరు. మీకు ప్రశాంతంగా ఉన్నా, వాళ్లకు కాఫీ మిషన్ హోరు వినిపిస్తూనే ఉండవచ్చు. పైగా మైకు ఆన్ కాగానే చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోయి ధ్వని నాణ్యత పడిపోతుంది. నోటి దగ్గరికి వచ్చే మైకున్న వైరు హెడ్‌సెట్ తక్కువ ధరలోనే వస్తుంది, చార్జింగ్ అక్కర్లేదు, గొంతు స్పష్టంగా పంపుతుంది.

అపోహ 8: అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి, ల్యాప్‌టాప్ పోయినా ఫర్వాలేదు.

వాస్తవం: సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ పొరపాటున చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి మీకు దూరంగా: ఇది పాతకాలపు నియమమే అయినా ఇప్పటికీ దీన్ని మించింది లేదు. విడి ఎస్‌ఎస్‌డీ డ్రైవులో పెట్టిన ప్రతిని ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంచితే, సంచి పోయిన రోజు రెండూ పోతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం తాళంచెవి పోవడం. ఆఫీసు లాగిన్‌కు, బ్యాంకుకు, మెయిల్‌కు వచ్చే కోడ్‌లన్నీ ఒకే ఫోన్‌కు వస్తాయి. ఆ ఫోన్ పోతే క్లౌడ్‌లో భద్రంగా ఉన్నదాన్ని తెరవలేరు. బయలుదేరేముందు రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఒకటి విడి సంచిలో, ఒకటి ఇంట్లో నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. పాత ఫోన్‌ను అమ్మేయకుండా వెంట తీసుకెళ్లండి. సంచిలో పెట్టే వస్తువులన్నిటిలోకీ మీరు ఎక్కువగా రుణపడేది ఆ పాత ఫోన్‌కే కావచ్చు.

అపోహ 9: వాటర్‌ప్రూఫ్ బ్యాగు ఉంటే వాన భయం లేదు.

వాస్తవం: ఎక్కువ సంచులు జల్లును తట్టుకుంటాయి, కుండపోతను కాదు. జిప్పుల దగ్గర నీరు దిగుతుంది. రెయిన్ కవర్, లోపల ప్లాస్టిక్ సంచి రెండూ వాడండి. వానే కాదు, ఎండా హాని చేస్తుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలిన లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. లద్దాఖ్ చలిలో సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెట్టినా అంతే. చల్లారిన పరికరాన్ని గదిలో కాసేపు ఉంచాకే ప్లగ్ పెట్టండి.

కొనేవి కొన్నాక, టికెట్లు తీసుకునేముందు ఒక పని చేయండి. ఇంట్లోనే ఒక పనిరోజు మెయిన్ స్విచ్ ఆపి, ఇంటి వైఫై ముట్టకుండా, ఆ సంచిలో ఉన్నవాటితోనే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉద్యోగం చేయండి. ఆరోజు ఎక్కడ ఆగిపోయారో అదే మీరు కొనవలసిన వస్తువు. చేయి వేయనిది ఏదైనా ఉంటే, అది ఇంట్లో ఉండిపోవలసిన వస్తువు.