వాలు పెట్టిన చెట్టు

చెట్టులా కొమ్మలు వేసే అణువును కట్టడం ఒక ఎత్తు. ఆ కొమ్మల చివర పడిన వెలుతురును మొదట్లోకి రప్పించడం మరో ఎత్తు.

మొదటి పని 1978లో జర్మనీలోని బాన్‌లో మొదలైంది. అమీన్ అనే నత్రజని సమ్మేళనానికి రెండు కొమ్మలు, ఆ కొమ్మల కొసలకు మళ్లీ రెండేసి కొమ్మలు అతికించే పద్ధతిని ఫ్రిట్జ్ ఫోగ్ట్లే బృందం ప్రకటించింది. 1985లో అమెరికాలోని డౌ కెమికల్ సంస్థలో డొనాల్డ్ టొమాలియా బృందం ఇంకా చాలా తరాలు పెంచిన అణువులను చూపించింది. వాటికి డెండ్రిమర్లని పేరు. తరం మారినప్పుడల్లా కొసల సంఖ్య రెట్టింపవుతుంది: 4, 8, 16, 32. వెలుతురు పట్టడానికి ఇంతకన్నా మంచి ఆకారం ఏముంటుంది అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కొసన ఒక కాంతి కణం పడిందనుకుందాం. అది తెచ్చిన శక్తి కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ పోతుంది. ప్రతి కూడలిలో లోపలికి దారి ఒకటే, బయటికి రెండు. ఏ దారికీ ప్రత్యేకత లేకపోతే మూడుసార్లలో రెండుసార్లు అది బయటికే మళ్లుతుంది. అంటే ఏ ఆకారం వెలుతురును దండిగా పడుతుందో, ఆ ఆకారమే దాన్ని మధ్యకు చేరనివ్వదు. 1997లో బార్-హైమ్, క్లాఫ్టర్, కోపెల్మన్ అనే శాస్త్రవేత్తలు ఈ చిక్కును లెక్కగట్టారు. లోపలికి వేసే ప్రతి అడుగులో శక్తి కొంత దిగాలి. కొమ్మ రెండుగా చీలే చెట్టులో, గది ఉష్ణోగ్రత వద్ద, ఆ మెట్టు సుమారు 0.018 ఎలక్ట్రాన్ వోల్టును మించితే నడక లోపలికి మళ్లుతుంది. ఇంత చిన్న అంకె ఇంత పెద్ద తేడా తెస్తుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. పిల్లకాలువలో నీరు పారడానికి కాస్త వాలు చాలదూ!

ఆ లెక్కకు ముందే వాలును అణువులో కట్టినవాడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ మూర్. ఆయన కొమ్మలు బెంజీన్ వలయాలను త్రిబంధాలతో కలిపి అల్లినవి. కూడళ్లను వలయంలో ఒకటి విడిచి ఒకటిగా, అంటే మెటా స్థానంలో పెడితే ఎలక్ట్రాన్ల వ్యాప్తి అక్కడ తెగిపోతుంది, ప్రతి ముక్కా దాదాపు విడిగా పనిచేస్తుంది. ముక్క పొడుగైతే దాన్ని ఉత్తేజపరచడానికి తక్కువ శక్తి చాలు. అందుకే అంచున పొట్టి ముక్కలు, లోపలికి పోయేకొద్దీ పొడుగువి, నట్టనడుమ పెరిలీన్ అనే రంగు పదార్థం. వాలు లేని అణువుల్లో, చెట్టు పెద్దదయ్యేకొద్దీ మధ్యకు చేరే శక్తి వాటా తగ్గింది. వాలున్న ‘నానోస్టార్’లో మాత్రం సుమారు 98 శాతం చేరిందని 1996లో ఆ బృందం ప్రకటించింది.

ఊదా బ్యాక్టీరియా ఈ కిటుకును ఎప్పుడో పట్టుకుంది. దాని బ్యాక్టీరియోక్లోరోఫిల్ (పత్రహరితం లాంటి పదార్థం) 800, 850, 875 నానోమీటర్ల మెట్ల మీదుగా శక్తిని దించుతుంది; అల పొడవు పెరిగేకొద్దీ శక్తి తగ్గుతుంది మరి. అక్కడ కొమ్మలు లేవు, వలయాలే. అందుకే నా దృష్టిలో అసలు ఆవిష్కరణ చెట్టు కాదు, వాలు.

మూర్ దారికీ ఒక హద్దుంది. ముక్కను ఎంత పొడిగించినా, కొంత దూరం తరవాత దాని శక్తి పెద్దగా దిగదు. 2002లో జర్మనీలోని మైన్జ్‌లో క్లౌస్ మ్యూలెన్ బృందం పొడవును వదిలి రంగులనే మార్చింది: అంచున నాఫ్తలీన్, కొమ్మల్లో పెరిలీన్, నట్టనడుమ టెర్రిలీన్. అంచున పడిన వెలుతురు మధ్యలో ఎర్రగా వెలుగుతుంది.