ఆట – పోట్లాట



తెలుగున ఆట యను మాటకును పోట్లాట యను మాటకును నడుమ దూరము మిక్కిలి స్వల్పము. పోట్లు వచ్చి చేరినచో ఆటయే పోట్లాట యగును. ఆటస్థలములందు మూకలు చేయు అల్లరి యెట్లు పుట్టును? అందులకు బాధ్యు లెవ్వరు? దానిని నివారించుటలో గ్రామపెద్దల పాలెంత? ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ముప్పదియేండ్లకు పైగా పిల్లల చదువుతో పాటు వారి ఆటలను గూడ కనిపెట్టి యుండిన యుపాధ్యాయుడను గావున, ఇది నాకు పుస్తకములవలన మాత్రమే తెలిసిన సంగతి కాదు.

భాగవతమున దశమస్కంధమందలి రుక్మి కథ మీ రెరిగినదే. అనిరుద్ధుని వివాహమునకై భోజకటమున చేరిన రాజులు జూదమాడ గూర్చుండిరి. మొదట బలరాము డోడెను. కళింగరాజు పండ్లికిలించి నవ్వెను. పిమ్మట బలరాముడు గెలువగా, రుక్మి గెలుపు తనదేయని బొంకెను. అశరీరవాణి నిజము పలికినను లెక్కసేయక, ఆలకాపరులకు పాచికలేల యని యెత్తిపొడిచెను. బలరాముడు పరిఘతో రుక్మిని కూల్చి, కళింగుని పండ్లు రాలగొట్టెను. ఇట్లు పెండ్లిలోగిలి రణరంగమయ్యెను. గమనింపుడు. ఓటమివలన ఈ కలహము పుట్టలేదు. తీర్పు నొప్పుకొనకపోవుట, ఎత్తిపొడుపు, ప్రక్కవాని నవ్వు, ఈ మూటివలన పుట్టినది. పాచికలు చేతబట్టని కళింగుడును శిక్ష తప్పించుకొనలేదు. చూపరి నవ్వు సైతము ఆటలో భాగమే యని పురాణము మనకు తెలుపుచున్నది.

ఇది మన దేశమునకే చెల్లినది కాదు. క్రీ. శ. 59లో ఇటలీదేశమందలి పాంపే నగరమున కత్తిసాము వినోదము జరుగుచుండగా, ఆ యూరివారును పొరుగూరగు నుకేరియావారును ఒకరి నొకరు వెక్కిరించుకొనిరి. మాటలు రాళ్లయినవి, రాళ్లు కత్తులైనవి. నుకేరియావారు పెక్కండ్రు హతులైరి. రోము పెద్దలసభ విచారించి, పదియేండ్లు పాంపేలో అట్టి వినోదములు జరుగరాదని శాసించెను. అంతతో నూరకుండక, వినోద మేర్పాటు చేసిన వానిని గూడ దేశమునుండి వెడలగొట్టెను. జనమును పిలిచినవాడే జనమునకు బాధ్యుడను న్యాయము నాడే తెలియును.

ఇంతకంటె ఘోరమైనది కాన్‌స్టాంటినోపిలు నగరమున 532వ సంవత్సరము జనవరి మాసమున జరిగినది. ఆ నగరవాసులకు రథపు పందెములన్న ప్రాణము. సారథులు ధరించు రంగులనుబట్టి ప్రజలు నీలిపక్షము, పచ్చపక్షము అని చీలి వీధులలో కొట్లాడుకొనుచుండిరి. చక్రవర్తి జస్టీనియనుడు మధ్యస్థుడుగా నుండవలసినవాడయ్యు నీలిపక్షము నాదరించెను. ఒక కొట్లాటలో నేరస్థులైన కొందరిని ఉరితీయగా, కొయ్య విరిగి యిద్దరు బ్రతికి బయటపడిరి. వారిలో నొకడు నీలివాడు, ఒకడు పచ్చవాడు. వారిని క్షమింపుమని రెండు పక్షములును పందెపు మైదానమున చక్రవర్తిని వేడుకొనెను. ఆయన మారు పలుకలేదు. అంతట బద్ధవైరులైన యా రెండు పక్షములు నేకమై “నికా” అనగా “జయింపుము” అని కేకలు వేయుచు నగరమును తగులబెట్టినవి. హేజియా సోఫియా యను మహాదేవాలయమే బూడిదయ్యెను. పారిపోనెంచిన చక్రవర్తిని రాణి థియొడోరా వారించెను. కడకు సైన్యము మైదానము ద్వారముల నరికట్టి, లోపల నున్నవారిని నరికివేసెను. ముప్పదివేలమంది మడిసిరని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియసు వ్రాసెను. రంగుగుడ్డపై మమకారముతో మొదలైన కలహము మహానగరమును శ్మశానము గావించినది. తీర్పరి యొక పక్షము వహించిననాడు అతని మాటను ఉభయపక్షములును మన్నింపవు.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. ఫుట్‌బాలు ఆటకు పుట్టినిల్లు ఇంగ్లండు. అచ్చట 1970, 80 ప్రాంతములలో ఆట చూచుటకుగాక కొట్లాడుటకే పోవు అల్లరిమూకలు ప్రబలినవి. 1985 మే 29న బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో లివర్‌పూలు జట్టునకును, ఇటలీదేశపు యువెంటస్ జట్టునకును పోటీ యేర్పడెను. ఆట మొదలు కాకమునుపే లివర్‌పూలు పక్షమువారు కొందరు ఎదిరిపక్షముపై బడిరి. ప్రాణభీతితో జనము ఒకమూలకు తొక్కుకొనగా గోడ కూలెను. 39 మంది మృతులైరి. వారిలో ఇటలీవారే ఎక్కువ. ఇంగ్లండు జట్లు ఐదేండ్లు ఐరోపాపోటీలనుండి వెలివేయబడినవి. మన దేశమునను 1980 ఆగస్టు 16న కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆట జరుగుచుండగా చూపరులలో రేగిన కొట్లాటలో 16 మంది ప్రాణములు కోల్పోయిరి.

ఒంటరిగా నున్నపుడు చీమకైన హాని తలపెట్టని బాలుడు గుంపులో జేరి రాయి విసరుటను నా యుద్యోగకాలమున పలుమారులు చూచితిని. కారణ మడిగిన “అందరును విసరిరండీ” యనును. గుంపులో మనుజునకు పేరు పోవును. పేరుతోపాటు సిగ్గును పోవును. అల్లరికి మూలమిదే.

అయినను, గుంపులోని వారందరు దుష్టులను తీర్మానము అంతకంటె ప్రమాదకరము. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హిల్స్‌బరో మైదానమున జరిగిన సంగతి వినుడు. అల్లరిమూకల భయముచే చూపరుల చుట్టును పశువుల దొడ్లకువలె ఇనుప కంచెలు బిగించియుండిరి. బయట రద్దీ హెచ్చగా పోలీసులు ఒక పెద్ద తలుపు తెరపించిరి. అప్పటికే నిండిపోయిన నడిమి దొడ్లవైపు పోవు దారిని మాత్రము మూయింపలేదు. జనము లోనికి పోయి యొరసుకొని, కంచెలకు నదుముడుపడి, ఊపిరాడక ప్రాణములు విడిచిరి. మృతుల సంఖ్య కడకు 97 ఆయెను. త్రాగిన రౌడీలే తలుపు త్రోసికొని వచ్చిరని అధికారులు నింద మోపిరి. బిడ్డలను గోలుపోయిన తల్లిదండ్రులు ఆ నిందను గూడ మోయవలసివచ్చెను. వారు పట్టువిడువక పోరాడగా, 27 ఏండ్లకు, 2016లో, మృతులు అన్యాయముగా చంపబడిరనియు చూపరుల తప్పేమియు లేదనియు న్యాయవిచారణలో తేలినది. ఇండొనీషియాదేశమున కాంజురుహాన్ మైదానమున 2022 అక్టోబరు 1న ఆటస్థలములోనికి దూకినవారిని చెదరగొట్టుటకై పోలీసులు బాష్పవాయువు ప్రయోగింపగా, జనమంతయు ద్వారములకు పరుగిడి 135 మంది మరణించిరి. కొందరి అల్లరి నణచుటకు చేసిన తొందరపాటు పలువుర ప్రాణములను గొనినది.

షెఫీల్డు దుర్ఘటన పిమ్మట ఇంగ్లండువారు కంచెలు తీయించి, పెద్ద మైదానములందు ప్రతివానికిని కూర్చుండుటకు ఆసన మేర్పరచిరి. నేరము రుజువైనవానిని మాత్రము ఆటలకు రాకుండ న్యాయస్థానము నిషేధించు పద్ధతి పెట్టిరి. అనగా మూకను శిక్షించుట మాని, మూకలోని మనిషికి పేరు తిరిగి యిచ్చిరి.

ఈ నీతి మన పల్లెలకును వర్తించును. పల్నాటిసీమలో కోడిపందెముతో రగిలిన పగ కారెంపూడి యుద్ధమున కెట్లు దారితీసెనో మన వీరగాథలు చెప్పుచునే యున్నవి. సంక్రాంతికి కబడ్డీ యైనను, ఎడ్లచే బండలాగించు పందెమైనను, పెద్దలు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. తీర్పరిని మూడవ యూరినుండి పిలువుడు. ఆతని మాట కెదురుండదని ఆటకు ముందే అందరియెదుట ఒప్పించుడు. రెండూళ్ల చూపరులకు వేరువేరు చోట్లు చూపుడు. బయటకు పోవు దారులు వెడల్పుగా నుంచుడు, ఎన్నడును మూయింపకుడు. కల్లు, సారా, డబ్బు పందెములు ఆ చాయలకు రానీయకుడు. రాయి విసరినవానిని పేరు పెట్టి పిలిచి మందలింపుడు గాని, “ఆ యూరివారందరు ఇంతే” యను మాట మీ నోట రానీయకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి కలదు. ఎదిరిపక్షమువాని అల్లరిని మనము మాన్పలేము. మనవాని నవ్వును, మనవాని ఎత్తిపొడుపును మొదటిమాటలోనే ఆపగలవారము మనమే. నాడు భోజకటమున కళింగరాజు నవ్వినపుడు ప్రక్కనున్న పెద్ద యొక్కడు “నాయనా, తగదు” అనియుండినచో ఆ పెండ్లి పెండ్లిగానే ముగిసియుండెడిది. మన యూరిలో ఆ మాట యనవలసిన పెద్దలు మీరే. మీ పిల్లలు ఓడిననాడు గూడ గెలిచినవారితో చేయి కలిపి యింటికి వచ్చిన, ఊరు గెలిచినట్లే.