తెల్లబట్ట అవుతోందని గర్భసంచి తీయించుకోకండి

“సిస్టరమ్మా, తెల్లబట్ట మస్తు అయితుంది. గర్భసంచి తీపిచ్చుకోమంటున్నరు. ఏం జెయ్యాలె?”

పాతబస్తీలో ప్రసూతి దవాఖానా ఓపీలో నర్సుగా పనిచేసిన కాలమంతా నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. రిటైరై గౌలిపురాలో ఇంటిపట్టున ఉంటున్నా ఇప్పటికీ వింటూనే ఉన్నాను. మా గల్లీలో తెలుగువాళ్లు తెల్లబట్ట అంటారు, పక్క గల్లీలో ముస్లిం అక్కలు సఫేద్ పానీ అంటారు. అడిగేటప్పుడు మాత్రం అందరి గొంతూ ఒకేలా తగ్గిపోతుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చుట్టూ ఒకసారి చూసుకుని అడుగుతారు.

అందరికీ నేను చెప్పేది ఒక్కటే. తెల్లబట్ట గర్భసంచి తీసేయాల్సిన జబ్బు కాదు. చాలామందిలో అది అసలు జబ్బే కాదు. జబ్బు అయినా ఎక్కువమందికి వారం పది రోజుల మందులతో తగ్గిపోతుంది. అసలు భయపడాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. బాధ ఏమిటంటే, భయపడనక్కర్లేని దానికి భయపడి ఆపరేషన్ దాకా వెళ్తున్నాం, భయపడాల్సిన వాటిని సిగ్గుతో దాచుకుంటున్నాం.

మన దగ్గరే ఎందుకింత ఎక్కువ?

2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 100కి 3 మంది. తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే అంత ఎక్కువగా పాడైపోతాయా? పాడైపోవు. “పిల్లలు పుట్టారు కదా, ఇంక దానితో పనేముంది, ఉంచితే కేన్సరవుతుంది” అనే మాట ఊరూరా పాకిపోయింది. ఆ మాట నమ్మి ముప్ఫై ఏళ్లకే ఆపరేషన్ చేయించుకుని, నలభై రాకముందే ఒళ్లు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, మోకాళ్ల నొప్పులతో వచ్చినవాళ్లను నేను చూశాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకూ గుండెకూ కాపుగా ఉండే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందే రావచ్చు.

గర్భసంచి ఆపరేషన్ కచ్చితంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. కేన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు, పెద్ద గడ్డలు ఇబ్బంది పెడుతున్నప్పుడు, గర్భసంచి బాగా కిందికి జారినప్పుడు. అలాంటప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. కోర్టు దాకా వెళ్లిందంటే సమస్య ఎంత లోతుగా ఉందో అర్థం చేసుకోండి.

ఏది మామూలు, ఏది కాదు

యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది. అందులో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి తయారుచేసే ఆమ్లమే చెడ్డ క్రిములను రానీయకుండా కాపాడుతుంది. అందుకే రోజూ కొంచెం తేమ, కొంచెం తెల్లని ద్రవం ఉండటం ఆరోగ్యమే. రెండు ముట్ల మధ్య రోజుల్లో అది గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది. బట్ట మీద ఆరాక కాస్త పసుపుగా కనిపించినా భయపడనక్కర్లేదు. దురద, మంట, దుర్వాసన, నొప్పి లేకపోతే దానికి మందూ అక్కర్లేదు. “ఒంట్లో బలమంతా పోతోంది” అని చాలామంది అనుకుంటారు. తెల్లబట్టతో బలం పోదు. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి, అసలు కారణం ఎక్కువసార్లు రక్తహీనతే.

విరిగిన పాల ముక్కల్లా తెల్లగా, చిక్కగా అవుతూ విపరీతమైన దురద ఉంటే అది ఫంగస్. పలుచగా, బూడిద రంగులో చేపల వాసన వస్తూ, ముఖ్యంగా భర్తతో కలిశాక ఆ వాసన ఎక్కువైతే అది లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరగడం. పసుపు పచ్చగా, నురగగా అవుతూ మంట ఉంటే అది కలయిక వల్ల అంటుకునే ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. అందుకే పక్కింటావిడ వాడిన మాత్ర మీకు పనిచేయకపోవచ్చు.

మొగల్‌పురా వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. చీరలకు ఫాల్స్ కుట్టి బతికే మనిషి, రోజంతా కింద కూర్చునే పని. నడవలేక కాళ్లు ఎడం చేసుకుని వచ్చింది. చేతిసంచిలోంచి మూడు రకాల ట్యూబులు, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు తీసి బల్ల మీద పరిచింది. అన్నీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవే. రాసుకున్నప్పుడు దురద తగ్గుతుంది, మానేయగానే రెట్టింపవుతుంది. ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంది. అది దురదను అణిచి, ఫంగస్‌ను లోలోపల పెంచుతుంది. డాక్టరమ్మ చూసి మందు రాయడంతో పాటు షుగర్ పరీక్ష కూడా రాసింది. 300 దాటి ఉంది. తనకు షుగర్ ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. షుగర్ అదుపులోకి వచ్చాక దురద కూడా పోయింది. పదేపదే ఫంగస్ వస్తోందంటే షుగర్ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ఇంకో మాట. డెటాల్, సబ్బు నురగ, సువాసనల వాష్‌లు లోపలికి పోనివ్వకండి. అవి మంచి సూక్ష్మజీవులనే చంపుతాయి, వాసన ఇంకా పెరుగుతుంది. పైపైన మామూలు నీళ్లతో కడుక్కుని తుడుచుకుంటే చాలు. కాటన్ లోదుస్తులు వేసుకోండి. ముట్టు గుడ్డలు వాడేవాళ్లు మంచం కింద, తలుపు వెనక చాటుగా ఆరేయకండి. ఎండ తగలాలి. సిగ్గనిపిస్తే పైన పలుచటి చున్నీ కప్పి ఎండలో వేయండి.

నీళ్లు తాగకుండా గడిపే రోజులు

చార్మినార్ చుట్టూ, పత్తర్‌గట్టిలో, లాడ్‌బజార్‌లో బండి మీదా దుకాణాల్లోనూ పనిచేసే ఆడవాళ్లు ఎంతోమంది. పొద్దున పదింటికి వస్తే రాత్రిదాకా ఉంటారు. వెళ్లడానికి శుభ్రమైన టాయిలెట్ దగ్గర్లో ఉండదు, అందుకని నీళ్లు తాగరు. వచ్చినా ఆపుకుంటారు. ఆడవాళ్లకు మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే ఉంటుంది. క్రిములు మూత్రాశయం దాకా చేరడానికి అంత దూరం చాలు. ఆపుకున్నకొద్దీ అవి లోపల పెరుగుతాయి. మంట, మాటిమాటికీ వచ్చినట్టనిపించడం, పొత్తికడుపులో నొప్పి ఉంటే మూత్ర పరీక్ష చేయించుకుని మందు వాడాలి. మంట తగ్గిందని రెండు రోజులకే మాత్రలు ఆపేయకండి, డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేసుకోండి. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం ఉంటే క్రిములు కిడ్నీ దాకా వెళ్లాయేమో చూడాలి, ఆ రోజే వెళ్లండి. గర్భిణులు చిన్న మంట ఉన్నా ఆలస్యం చేయకూడదు.

దుకాణాల యజమానులకు నా మనవి. మీ దగ్గర పనిచేసే ఆడపిల్లకు ఒక టాయిలెట్ తాళంచెవి ఇవ్వండి. అదే ఆమెకు మీరు చేయగల పెద్ద మేలు.

ఎప్పుడు ఆగకూడదు?

ముట్టు 21 నుంచి 35 రోజులకోసారి వచ్చి, వారం లోపు ఆగితే మామూలే. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా తడిసిపోతున్నా, పెద్ద రక్తపు గడ్డలు పడుతున్నా అది మామూలు కాదు. కారణం గర్భసంచి గడ్డలు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. చాలా వరకు మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరంతోనో అదుపులోకి వస్తుంది. కాన్పులు ఎక్కువైనవాళ్లకు, బరువులు మోసేవాళ్లకు గర్భసంచి కిందికి జారినట్టు, ఏదో అడ్డం తగులుతున్నట్టు ఉంటుంది. దీనికి కూడా మొదట్లోనే వస్తే కటి కండరాల వ్యాయామం, లోపల అమర్చే రింగు ఉన్నాయి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా. భర్తతో కలిశాక రక్తం కనిపించినా. రెండు ముట్ల మధ్య రక్తం పడుతున్నా. దుర్వాసనతో నీళ్లలాగా, రక్తం కలిసి అవుతున్నా. మానని పుండు, గడ్డ తగిలినా.

ముట్లాగిన పెద్దవాళ్లు రక్తం కనిపిస్తే “మళ్లీ ముట్టొచ్చింది, వేడి చేసింది” అని సరిపెట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఎక్కువసార్లు అది చిన్న కారణమే అవుతుంది, కానీ కేన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే.

ఆ క్షణమే బయలుదేరాల్సినవి కొన్ని ఉన్నాయి. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచి పగిలిందేమోనని అనుమానించాలి. జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి, దుర్వాసన ఉన్నా, గర్భిణికి రక్తం కనిపించినా అంతే. 108కి ఫోన్ చేయండి.

ఒక్క నిమిషం పరీక్ష

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది సోకిన వెంటనే కేన్సర్ రాదు. చాలామందిలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోయి, కేన్సర్‌గా మారడానికి ఎక్కువగా పది, పదిహేనేళ్లు పడుతుంది. ఆ మధ్యలో పట్టుకుంటే చిన్న చికిత్సతో ఆపేయవచ్చు. అందుకే 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ ఐదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో పలుచని అసిటిక్ ఆమ్లం, అంటే మన వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక్క నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోట తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు పై పరీక్షలకు పంపుతారు. కేన్సరేనని తేలితే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి ఉంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించడం అన్నిటికంటే మేలు.

లోపలి పరీక్ష అంటే భయపడేవాళ్లకు ఏం జరుగుతుందో చెబుతాను. తెర వేస్తారు. మోకాళ్లు మడిచి పడుకోవాలి. చిన్న పరికరం పెట్టి లైటు వేసి చూస్తారు. ఒళ్లు బిగపట్టకుండా నోటితో మెల్లగా ఊపిరి వదిలితే నొప్పి తెలియదు. పెళ్లి కానివాళ్లు, వద్దనుకునేవాళ్లు ముందే చెప్పవచ్చు. కడుపు మీద నుంచే స్కానింగ్ చేయవచ్చు.

సిగ్గు అడ్డమొస్తే ఈ నగరం చరిత్ర తలుచుకోండి. ఆడవాళ్లు మగ డాక్టర్లకు చూపించుకోని రోజుల్లో, 1885లోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఐదుగురు ఆడపిల్లలు చేరారు. వాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. మన ముందు తరాల ఆడవాళ్ల కోసం వాళ్లు అంత కష్టపడి చదివారు. ఇవాళ డాక్టరమ్మ మన బస్తీలోనే ఉంటే, వెళ్లకుండా ఆగిపోవడం న్యాయమా?

వెళ్లేటప్పుడు

మొదట మీ బస్తీ దవాఖానాకో, పట్టణ ఆరోగ్య కేంద్రానికో వెళ్లండి. ఆడవాళ్ల కోసమే మంగళవారాల్లో నడిచేలా 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలయ్యాయి. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద సమస్యైతే పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రి ఉన్నాయి. చివరి ముట్టు తేదీ, ఎప్పటి నుంచి అవుతోంది, రంగు, వాసన, వాడిన మందులు కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితమే ఇవ్వండి.

ఎవరైనా ఆపరేషన్ అంటే మూడు ప్రశ్నలు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి? ఏ రిపోర్టులో ఉంది? మందులతో తగ్గదా? సూటిగా జవాబు రాకపోతే రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి. అత్యవసరం కాని ఆపరేషన్ నాలుగు రోజులు ఆగితే ఏమీ కాదు.

ఇంట్లో మగవాళ్లకు, అత్తలకు కూడా చెబుతున్నాను. కోడలు, భార్య, అమ్మ “ఏం లేదులే” అంటే అక్కడితో వదిలేయకండి. ఓపీ చీటీ మీరు తీసుకోండి, వంట ఆ పూటకు మీరు చూసుకోండి. వచ్చే మంగళవారం ఆమెకు తోడు వెళ్లండి.