కాగడా వెనక బొగ్గుబాయి దీపం

2008 ఏప్రిల్ 7న పారిస్‌లో నిరసనల మధ్య ఒలింపిక్ కాగడాను పలుమార్లు ఆర్పేయాల్సి వచ్చింది. పది రోజులకు అదే జ్యోతి ఢిల్లీ రాజ్‌పథ్ మీద ఊరేగింది. ఎలాగంటే, గ్రీసులోని ఒలింపియాలో వెలిగించిన అసలు నిప్పు కాగడాతో పాటు తిరిగే చిన్న లాంతర్లలో ఉంటుంది. విమానమెక్కేదీ వాటిలోనే. ఆ లాంతరు సింగరేణి ఊళ్లయిన గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వాళ్లకు తెలిసినదే. బొగ్గుబాయిలో గ్యాస్ చూడటానికి మైనింగ్ సర్దార్ పట్టుకెళ్తూ వచ్చిన సేఫ్టీ ల్యాంపుదీ దానిదీ ఒకటే వంశం.

1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గని పేలి 92 మంది చనిపోయారు. దీపం లేకుంటే బొగ్గు కనబడదు, ఉంటే గనిలోని మీథేన్ గ్యాస్ అంటుకుంటుంది. ఈ చిక్కుముడిని 1815లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఒక తీగల జల్లెడతో విప్పాడు. మంట చుట్టూ అంగుళానికి 28 తీగల అల్లిక, అంటే చదరపు అంగుళంలో 784 కన్నాలు. వాటిగుండా గ్యాస్ లోపలికి వస్తుంది, లోపలే మండుతుంది. మంట మాత్రం బయటికి రాలేదు. కన్నం దాటేలోపే దాని వేడిని లోహం లాగేసుకుంటుంది. సుమారు 540 డిగ్రీల వేడి తగలనిదే బయటి మీథేన్ అంటుకోదు.

బడిలో బర్నర్ మీద ఇనుప జల్లెడ పట్టి, పైవైపు అగ్గిపుల్ల గీసి చూడండి. మంట జల్లెడ పైనే నిలుస్తుంది, కింద గ్యాస్ ఉన్నా అంటుకోదు. జల్లెడ ఎర్రగా కాలిందా, మంట కిందికి దూకుతుంది. గాలి జోరుగా వీచే గనుల్లో డేవీ దీపానికి వచ్చిన ముప్పూ అదే.

ఈ దీపం ఇంకో మేలూ చేస్తుంది. వత్తి బాగా తగ్గిస్తే, గ్యాస్ ఉన్నచోట మంట మీద లేత నీలి టోపీ కనబడుతుంది. గ్యాస్ పెరిగేకొద్దీ టోపీ పొడవవుతుంది. గాలిలో మీథేన్ 5 శాతానికి చేరితే పేలుడు ప్రమాదమే. అంతకు చాలా ముందే ఆ టోపీ హెచ్చరిస్తుంది.

1815లోనే కిల్లింగ్‌వర్త్ గనిలో జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా సన్న కన్నాల దీపం చేసి, గ్యాస్ ఉన్న చోటికే తీసుకెళ్లి పరీక్షించాడు. చిన్నప్పుడు బడి మొహం చూడని మెకానిక్ అతను. బహుమానంగా డేవీకి 2,000 పౌండ్లు, అతనికి 100 గినీలు దక్కాయి. న్యూకాసిల్ జనం ఊరుకోక స్టీఫెన్‌సన్‌కు 1,000 పౌండ్లు పోగుచేసి ఇచ్చారు. చదువులేనివాడికి ఇది సొంతంగా తట్టిందంటే డేవీ చివరిదాకా ఒప్పుకోలేదు. నా మటుకు నాకు ఇద్దరూ విడివిడిగానే కనిపెట్టారనిపిస్తుంది.

ఈ దీపాలకు తర్వాత గాజు చిమ్నీ, రెండో జల్లెడ, పైన లోహపు తొడుగు చేరాయి. వెలుతురు పని కరెంటు క్యాప్ ల్యాంపులకు పోయింది.

సింగరేణి ఊళ్లలో పాత సేఫ్టీ ల్యాంపు ఎక్కడైనా మూలన పడి ఉంటే తుక్కుకు వేయకండి. దగ్గరి బడికి ఇవ్వండి, పిల్లలు విప్పి చూస్తారు.