మంత్రసాని చేతి మందు: ఎవరి జ్ఞానం, ఎవరి విశ్రాంతి?

బిడ్డ బయటపడేదాకా మంత్రసాని కావాలి. బొడ్డుకోసి, మాయ పాతిపెట్టి, పురిటి గుడ్డలు ఉతికాక ఆమె మళ్లీ అంటరానిదే. తెలుగు పల్లెల్లో ఈ పని ఎక్కువగా చేసింది మాదిగ, మాల, మంగలి, చాకలి ఆడోళ్లు. పెరటి దోవన వచ్చి పెరటి దోవనే పోయిన ఆ చేతులకు చేటెడు గింజలో, పాత చీరో దక్కింది. ఆ చేతుల్లోని వైద్యాన్ని మాత్రం ఎవరూ వైద్యమనలేదు. మేం ఆ వాడల నుంచే విశ్వవిద్యాలయానికి వచ్చినవాళ్లం. మా అమ్మమ్మలు బాలింతకు ఏం పెట్టారో, అందులో ఏది నిలుస్తుందో ఇక్కడ చూద్దాం.

ముందు కాయం. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము వేయించి దంచి, జల్లించి, బెల్లం పాకంలో నువ్వులనూనెతో ముద్ద చేస్తారు. పొద్దున్నే ఉసిరికాయంత మింగిస్తారు. పాళ్లు ఊరికో తీరు. ఇందులోని శొంఠి, పిప్పలి, మిరియం మూడూ కలిస్తే సంస్కృత గ్రంథంలో 'త్రికటు' అయింది, శాస్త్రమైంది. వాడలో మాత్రం 'నాటుమందు'గానే మిగిలింది. దశమూలారిష్టం సంగతీ అంతే. అందులో పడే పల్లేరు, ములక మన కూలోళ్ల కాళ్లకు గుచ్చుకునే మొక్కలే. సీసాలోకి ఎక్కాక వాటి కులం మారిపోయింది.

కాయం అరుగుదలకు, గ్యాసుకు కొంత మేలు చేస్తుంది. బెల్లం, నూనె శక్తినిస్తాయి. వావిలాకు కాచిన వేడినీళ్ల స్నానం నొప్పులు పట్టిన ఒంటికి హాయినిస్తుంది. పాలు పడడానికి వెల్లుల్లి, మెంతులు, మునగాకు, కోస్తాలో పాలసొర చేప పెడతారు. మునగాకు, చేప మంచి తిండి. అయితే పాలు పెరగడానికి అసలు మందు బిడ్డ మాటిమాటికీ చీకడమే. అలా చీకినప్పుడు గర్భసంచి కూడా ముడుచుకుంటుంది.

మన జ్ఞానమని చెప్పి దాని లోపాల్ని దాచలేం. కాన్పయ్యాక ఆగని రక్తాన్ని కాయం ఆపలేదు. గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ సూది కావాలి. పెట్టుకున్న గుడ్డ గంటలోపే తడిసిపోయినా, జ్వరమొచ్చినా, మైల వాసనేసినా, ఫిట్సొచ్చినా ఆకులు వెతుక్కుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. బొడ్డుకు పేడ, బూడిద రాస్తే ధనుర్వాతం రావచ్చు. పత్యం పేరుతో నీళ్లు, కూరలు, పప్పు మాన్పించడం అంతకన్నా పెద్ద తప్పు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కెలోరీలు కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో చెప్పింది. ఆమె కడుపు మాడ్చి కాయం మింగిస్తే లాభమేముంది?

ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. ఇది మంచిదే, ఎందరో తల్లులు బతికారు. కానీ అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాన్పుకు ముందే రక్తం లేని ఒంటికి తర్వాత ఏ మూలిక సరిపోతుంది? బాలింతలకు 180 రోజులు ఇనుము మాత్రలివ్వాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతున్నది. ఆ మాత్రలు అందుతున్నాయా, మింగుతున్నారా అని అడగాలి.

మందు కన్నా ముందు కావలసింది విశ్రాంతి. నలభై రోజులు గది దాటకుండా కాయం తినడం భూమి ఉన్న ఇంటి బాలింతకు సాగింది. అదే ఇంటికి కాన్పు చేసిన మంత్రసాని తన కాన్పయ్యాక ఎన్ని రోజులు పడుకుంది? నాట్ల కాలమొస్తే పాలు కారుతున్న రొమ్ములతో బురదలోకి దిగింది. 2017లో చట్టం ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. అది ఉద్యోగం ఉన్నవాళ్లకు. పొలం కూలికి దక్కేది కొద్దిపాటి సాయం సొమ్ము మాత్రమే.

అందుకే మా మాట ఇది. మంత్రసాని పేరు వైద్య చరిత్రలో రాయాలి. ఆమెకు తెలిసిన దాన్ని పరీక్షించి, పనికొచ్చేది ఉంచుకొని, ప్రాణం తీసేది వదలాలి. కాయం ముద్దతో పాటు కడుపునిండా తిండి, కూలి పోకుండా విశ్రాంతి మన బాలింతకు దక్కాలి. అవి లేకుండా 'సంప్రదాయ వైద్యం' అని ఎంత పొగిడినా, మా అమ్మమ్మకు మళ్లీ పెరటి దోవ చూపించినట్టే.